ఎదుగుదల పరీక్షకి ఫైలు సర్దుతుంటే దొరికిన కాగితం

మావాడికి పంతొమ్మిదో నెల నిండిన వారమే బూస్టర్ టీకాలకి ఖమ్మంలో మా ఇంటి దగ్గరున్న ఆసుపత్రికి తీసుకెళ్లాను. 16 నుంచి 24 నెలల మధ్య వేసే డీపీటీ బూస్టర్, ఎంఆర్ రెండో డోసు. సూది పడ్డాక వాడు నా భుజం మీద వెక్కుతున్నాడు. ఏఎన్ఎం సిస్టర్ తల్లీబిడ్డల రక్షణ కార్డులో తేదీలు రాస్తూ రాస్తూ ఒక పేజీ దగ్గర ఆగింది.

"ఇదంతా ఖాళీగా ఉందేంటమ్మా?"

బొమ్మలున్న పేజీ అది. ఏ నెలకి తల నిలపాలి, ఎప్పుడు కూర్చోవాలి, ఎప్పుడు అడుగులు వేయాలి, ఎప్పుడు మాటలు రావాలి అని ఉంటుంది. బరువు గీతల పేజీలో నెలనెలా చుక్క పెట్టించుకున్నాను. చుక్క ఆకుపచ్చ పట్టీలోకి వచ్చిన రోజు ఇంట్లో పాయసం కూడా చేసుకున్నాం. ఈ పేజీని మాత్రం ఒక్కసారి కూడా పట్టించుకోలేదు.

"మాటలు ఎన్ని వచ్చాయి?" అని అడిగింది.

"అమ్మ, తాత, బువ్వ అంటాడు సిస్టర్."

"ఇంకా?"

ఎంత ఆలోచించినా ఇంకోటి గుర్తు రాలేదు. "నెలలు నిండకముందే పుట్టినోడు కదా. పిల్లల డాక్టర్ దగ్గర ఒకసారి ఎదుగుదల పరీక్ష చేయించమ్మా. భయపడకు, కానీ వెళ్లు" అని కార్డు చేతిలో పెట్టింది.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన తేలిగ్గా తీసుకున్నారు. "నాకూ మూడేళ్లకి గానీ మాటలు రాలేదట, అమ్మనడుగు" అన్నారు. అత్తయ్య ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లారు. కాసేపయ్యాక వచ్చి, "ఆరోజు కాస్త వస నాకించనిచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు" అన్నారు. ఆ మాటలో కోపం లేదు, దిగులు ఉంది. వస అరగదీసి నాలుకకి రాస్తే పిల్లలకి మాటలు బాగా వస్తాయని మావైపు నమ్మకం. గలగలా మాట్లాడేవాళ్లని చూసి "చిన్నప్పుడు వస పోశారా" అనడం అందుకే. మావాడు నాకు బీపీ పెరిగి 33 వారాలకే పుట్టాడు. పుట్టినప్పుడు 1.7 కిలోలు. పదహారు రోజులు ఎన్‌ఐసీయూలో, అంటే పసికందుల ఐసీయూలో ఉన్నాడు. పాలు తప్ప ఇంకేదీ నోట్లో పెట్టొద్దని డాక్టర్లు గట్టిగా చెప్పారు, మేం పెట్టలేదు. అది సరైన పనే. కానీ ఏడాదిన్నర నుంచి ఆవిడ మనసులో ఈ బాధ ఇలా ఉండిపోయిందని నాకు ఆ సాయంత్రమే తెలిసింది.

పిల్లల డాక్టర్‌కి ఫోన్ చేస్తే తొమ్మిది రోజుల తర్వాతకి అపాయింట్‌మెంట్ దొరికింది. "పొద్దున పదకొండున్నరకి రండి" అన్నారు రిసెప్షన్‌లో. మావాడు పన్నెండు దాటితే నిద్రకి ఏడుపు మొదలుపెడతాడు. లేచి, ఏదైనా తిన్నాక మాత్రం ఎవరి దగ్గరికైనా వెళతాడు. అది చెప్పి సాయంత్రం నాలుగున్నరకి మార్చమన్నాను. ఏమనుకుంటారో అని మొహమాటపడుతూనే అడిగాను గానీ వెంటనే మార్చారు. ఇలాంటి పరీక్షకి వెళ్లేవాళ్లు ఎవరైనా ఈ ఒక్క మాట అడగడానికి మొహమాటపడొద్దు. నిద్ర ముంచుకొస్తున్న పిల్లాడు ఏం చేయలేడో కనిపిస్తుంది గానీ, ఏం చేయగలడో కనిపించదు.

ఆ తొమ్మిది రోజుల్లో మొదటి మూడు రోజులు నేను చేసింది తప్పు. బజారుకెళ్లి చెక్క దిమ్మల డబ్బా, శరీర భాగాల చార్టు కొనుక్కొచ్చాను. ఆఫీసు నుంచి రాగానే వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని "ముక్కేదీ? చెవేదీ? కన్నేదీ?" అని మొదలుపెట్టేదాన్ని. ఒకసారి చూపిస్తే పదిసార్లు అడిగేదాన్ని. దిమ్మ మీద దిమ్మ నేను పెట్టి, వాడి చెయ్యి పట్టి పెట్టించేదాన్ని. మూడో రోజు నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే వాడు నన్ను చూసి, ఆ డబ్బాని చూసి, వెళ్లి అత్తయ్య చీర కుచ్చిళ్లలో మొహం దాచుకున్నాడు. రోజూ గేటు దాకా పరిగెత్తుకొచ్చే పిల్లాడు.

మా వీధిలో ఒక అంగన్‌వాడీ టీచర్ ఉంటారు. ఆ రాత్రి ఆవిడతో చెప్పుకుని బాధపడితే, "పరీక్ష వాడు పాస్ అవడానికి కాదమ్మా, వాడు ఇప్పుడెక్కడున్నాడో తెలుసుకోడానికి. నేర్పించి తీసుకెళ్తే డాక్టర్‌కి కనిపించేది నువ్వు పడ్డ కష్టం, వాడు కాదు" అన్నారు. తమ కేంద్రానికి ఏడాదికి రెండుసార్లు ఆర్‌బీఎస్‌కే బృందం వస్తుందని కూడా చెప్పారు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషకాల లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం అనే నాలుగు రకాల సమస్యలకి పిల్లల్ని చూస్తారు. అంగన్‌వాడీలో పేరున్న ఆరేళ్లలోపు పిల్లలందరికీ ఉచితం. మావాడి పేరు కూడా అక్కడ ఉంది, పౌష్టికాహారం ప్యాకెట్లు తెచ్చుకుంటున్నాం. పోయినసారి బృందం వచ్చినప్పుడు మేం ఊళ్లో లేం. ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు.

"రోజూ పగలు వాడితో ఎవరుంటారు?" అని ఆవిడ అడిగారు.

"అత్తయ్య."

"మరి ఆవిణ్ణి అడిగావా?"

అడగలేదు. నేను పొద్దున తొమ్మిదికి వెళితే ఆరున్నరకి వస్తాను. వాడు మెలకువగా ఉండే సమయంలో ఎక్కువ భాగం ఆవిడతోనే గడుపుతాడు. అయినా సిస్టర్ అడిగిన ప్రశ్నకి నాకు తెలిసినంతవరకే జవాబు చెప్పి వచ్చేశాను.

మర్నాడు ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్ తెచ్చి అత్తయ్యకిచ్చాను. "వాడు ఏం చేస్తే అది రాయండి అత్తయ్యా, బాగున్నదీ బాగోలేనిదీ రెండూ" అన్నాను. ఆవిడ ముందు నొచ్చుకున్నారు. "నేను సరిగ్గా చూసుకోవట్లేదనా?" అన్నారు. కాదని, నాకు తెలియనివి ఆవిడకే తెలుసని, డాక్టర్ దగ్గరికి ఆవిడ కూడా రావాలని చెప్పడానికి అరగంట పట్టింది. ఏడో తరగతి దాకా చదువుకున్నారు. గుండ్రటి అక్షరాలు, ఒక్కో మాటకీ మధ్య బోలెడంత ఖాళీ. రెండో రోజు సాయంత్రానికి రెండు పేజీలు నిండాయి.

ఆ రెండు పేజీలు చదివాక మా అబ్బాయి నాకు కొత్తగా కనిపించాడు. పాలని "పా" అంటాడట. కుక్కని "బౌ". దేవుడి గదిలో చేతులు జోడించి "జేజి" అంటాడట. ఎవరు చెప్పులేసుకున్నా "టాటా". నేను మూడు మాటలే చెప్పాను, ఇక్కడ ఏడున్నాయి. మధ్యాహ్నం డాబా మీద అన్నం పెడుతూ "కాకేదీ?" అంటే చూపుడువేలు చాపి చూపిస్తాడట. ఆవిడ వేరే పనిలో ఉంటే గడ్డం పట్టి మొహం తిప్పి మరీ చూపిస్తాడట. అంతకుముందు రాత్రే నేను ఫోన్‌లో చదివి, మావాడు వేలితో ఏదీ చూపించడని కంగారుపడ్డాను. మంచినీళ్లు కావాలంటే నా చెయ్యి పట్టుకుని ఫిల్టర్ దాకా లాక్కెళతాడు కాబట్టి అలా అనుకున్నాను.

ఆ పేజీల్లోనే ఇంకో రెండు వాక్యాలు ఉన్నాయి. "గేటు చప్పుడయితే చూడలేదు. కుక్క మొరిగితే చూశాడు." కింద, "టీవీ ఉంటే పిలిస్తే పలకడు." నేను అప్పుడు వాటిని దాటి ముందుకి వెళ్లిపోయాను. టీవీ చూస్తుంటే ఏ పిల్లాడు పలుకుతాడు అనుకున్నాను.

శుక్రవారం రాత్రి పాత ఫైలు తీశాను. పుట్టినప్పటి కాగితాలన్నీ వరసగా పెట్టి తీసుకెళితే డాక్టర్‌కి సులువని. డిశ్చార్జ్ సమ్మరీ, రక్తం రిపోర్టులు, కామెర్లకి నీలం లైటు కింద పెట్టినప్పటి చార్టు. నెలలు నిండని పిల్లల కళ్లలో రెటీనా సరిగ్గా ఎదుగుతోందో లేదో చూసే ఆర్‌ఓపీ పరీక్ష కాగితాలు మూడు. కళ్ల కోసం మూడుసార్లూ తప్పకుండా వెళ్లాం. చూపు పోయే ప్రమాదముందని విన్నాక వానొచ్చినా ఆగలేదు. ఆ కాగితాల మధ్య అరచేతిలో సగం ఉన్న ఒక స్లిప్పు మడతపడి ఉంది. ఓఏఈ అని పైన ఉంది. కుడి చెవి, పాస్. ఎడమ చెవి, రిఫర్. కింద పెన్నుతో, ఆరు వారాల తర్వాత మళ్లీ చేయాలని.

"రిఫర్" అంటే ఏమిటో అప్పుడు మాకు తెలియదు. పెద్ద డాక్టర్‌కి పంపించారు, ఆయన చూశారు, అయిపోయింది అనుకున్నామో, అసలు చూడనే లేదో. డిశ్చార్జ్ రోజు ఎవరూ విడమరిచి చెప్పలేదా, చెప్పినా ఆ హడావిడిలో మా చెవికెక్కలేదా, ఇప్పుడు ఎంత గుర్తుచేసుకున్నా తేలడం లేదు. ఓఏఈలో చెవిలో చిన్న గొట్టం పెట్టి మెల్లని శబ్దం పంపుతారు. లోపలి చెవి బాగుంటే దానికి బదులుగా అతి చిన్న శబ్దం తిరిగి వస్తుంది. రాకపోతే మిషన్ "రిఫర్" అని చూపిస్తుంది. చెవిలో పుట్టినప్పటి తెల్లటి పదార్థం మిగిలినా అలా రావచ్చు. అందుకే రిఫర్ అంటే వినపడదని కాదు, మళ్లీ తప్పకుండా చూడాలని. మేం మళ్లీ చూపించలేదు. పంతొమ్మిది నెలలు.

నోట్‌బుక్ తీసి అత్తయ్య రాసిన ఆ రెండు వాక్యాలు మళ్లీ చదివాను. మా ఆయన్ని నిద్రలేపాను. ఆయన కాగితం చూసి చాలాసేపు మాట్లాడలేదు. తెల్లారాక వాడి వెనక నిలబడి స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టారు. వాడు ఉలిక్కిపడి తిరిగి చూశాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, "వినపడుతోంది" అన్నారు. నేనూ ఊపిరి పీల్చుకున్నాను. పళ్లెం చప్పుడు వినపడినంత మాత్రాన మాట స్పష్టంగా వినపడుతుందని కాదని సోమవారం డాక్టర్ చెప్పేదాకా మాకు తెలియదు.

ఇక మిగిలిన తయారీ మామూలే. వాడు రోజూ తాగే గ్లాసు, చెంచా, ఇష్టమైన చిన్న లారీ బొమ్మ, ఒక జత బట్టలు సంచిలో పెట్టుకున్నాను. వాడు డాబా మీద కాకిని చూపించేది, మెట్లు ఎక్కేది, అత్తయ్యతో దాగుడుమూతలాడేది మూడు చిన్న వీడియోలు తీసి ఉంచాను. కొత్తచోట వాడు ముడుచుకుపోతే చూపించొచ్చని. "డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం, బొమ్మలుంటాయి, సూది ఉండదు" అని రెండు రోజుల నుంచి చెబుతూ వచ్చాను. సూది లేదని ఖాయంగా తెలుసు కాబట్టే ఆ మాట చెప్పాను.

డాక్టర్ గారు ముందు వాణ్ణి ముట్టుకోలేదు. గదిలో చాప మీద బంతి, దిమ్మలు, ఒక బొమ్మ పెట్టి వదిలేసి, మాతో మాట్లాడుతూ వాడి వైపు ఓరగా చూస్తున్నారు. పుట్టిన తేదీ అడిగి కాగితం మీద లెక్క వేశారు. 40 వారాలు నిండాలి, 33కే పుట్టాడు, ఏడు వారాలు ముందు. "వాడి వయసు పంతొమ్మిది నెలలే. కానీ ఎదుగుదల చూడ్డానికి రెండేళ్లు నిండేదాకా ఆ ఏడు వారాలు తీసేసి చూడాలి. పదిహేడు నెలల చిల్లర అనుకోండి" అన్నారు. డిశ్చార్జ్ సమ్మరీలో కరెక్టెడ్ ఏజ్ అని రాసి ఉన్నది ఇదేనట. నేనేమో ఈ ఏడాదిన్నరా వాణ్ణి పన్నెండు రోజుల తేడాతో పుట్టిన మా ఆడపడుచు కూతురితో పోల్చుకుంటూ వచ్చాను. ఆ పిల్ల నడిచిందంటే వీడింకా నడవలేదని, ఆ పిల్ల మాట్లాడిందంటే వీడింకా మాట్లాడలేదని.

తర్వాత ఒక చార్టు తీశారు. తిరువనంతపురంలోని చైల్డ్ డెవలప్‌మెంట్ సెంటర్ వాళ్లు తయారుచేసింది, రెండేళ్లలోపు పిల్లల కోసం 17 అంశాలు. అడ్డంగా నెలలు, ఒక్కో పనికి ఒక్కో పట్టీ. వాడి నెలల దగ్గర పెన్సిల్ నిలువుగా పెట్టి, దానికి ఎడమవైపు పూర్తిగా ఉన్న పట్టీలన్నీ వాడికి వచ్చాయో లేదో చూశారు. ఒంటరిగా నడవడం, బంతి విసరడం వచ్చాయి. రెండు మాటలనడం దగ్గర నేను నోట్‌బుక్ ఇచ్చాను. ఆవిడ ఏడు మాటలూ చదివి, "పా అని పాలకే అంటాడా, ప్రతిసారీ అంటాడా?" అని అడిగారు. అత్తయ్య అవునన్నారు. "అయితే అది మాటే. బౌ కూడా మాటే. ఈ వయసుకి అమ్మ, నాన్న కాకుండా మూడు మాటలుంటే చాలు. మాటల లెక్క చూసి కంగారు పడక్కర్లేదు" అన్నారు. ఏ విషయానికి తొమ్మిది రోజులు నిద్రపోలేదో అది అలా ఒక్క నిమిషంలో తేలిపోయింది.

అప్పుడు ఇరవై ప్రశ్నల ఫారం ఇచ్చారు. ఎం-చాట్ అంటారు. 16 నుంచి 30 నెలల పిల్లల్లో ఆటిజం లక్షణాలేమైనా ఉన్నాయేమో ముందుగా గమనించడానికి. అవును, కాదు అని పెట్టుకుంటూ పోవడమే. రెండో ప్రశ్న దగ్గరే నా పెన్ను ఆగింది. బిడ్డకి వినపడదేమో అని మీకెప్పుడైనా అనుమానం వచ్చిందా అని. వారం కిందట అడిగి ఉంటే కాదని పెట్టేసేదాన్ని. అవునని పెట్టి, సంచిలోంచి ఆ స్లిప్పు తీసి బల్ల మీద పెట్టాను.

ఫోన్ గురించి కూడా అడిగారు. చూడడని చెప్పబోయాను. మా ఇంట్లో అదే నియమం అని నేననుకుంటున్నాను. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని ఆపారు. "చూస్తాడమ్మా. పొద్దున టిఫిన్‌కీ, సాయంత్రం పాలకీ నేనే పెడతాను. మోకాళ్లతో వాడి వెనక పరిగెత్తలేను. ఫోన్ లేకపోతే తినడు. గంటన్నర అవుతుంది" అన్నారు. అంతమంది ముందు, కోడలి ముందు ఆ మాట చెప్పడం ఆవిడకి ఎంత కష్టమో నాకు తెలుసు. డాక్టర్ గారు మందలించలేదు. "నిజం చెప్పారు, నా పని సులువైంది" అన్నారు. రెండేళ్లలోపు పిల్లలకి దూరంగా ఉన్నవాళ్లతో వీడియో కాల్ తప్ప స్క్రీన్ వద్దని, మధ్యాహ్నం కాకిని చూపిస్తూ పెట్టే ముద్దలాగే మిగతా రెండు పూటలూ ప్రయత్నించమని చెప్పారు. వాడు వేలు చాపి కాకిని చూపించి, మళ్లీ నానమ్మ మొహంలోకి చూసి, "చూశావా" అన్నట్టు నిలబడే ఆ క్షణం తాము వెతికే ముఖ్యమైన విషయాల్లో ఒకటి అన్నారు. వీడియో చూసి నవ్వారు.

ఫారంలో మూడు మార్కులొచ్చాయి. రెండు దాకా వస్తే ఫరవాలేదు, మూడు నుంచి ఏడు వస్తే ఆ ప్రశ్నలనే వివరంగా మళ్లీ అడగాలట. అడిగారు. ఏదైనా కావాలంటే వేలితో చూపిస్తాడా అన్నదానికి నేను కాదని పెట్టాను. అత్తయ్యేమో అలమర మీది బిస్కెట్ డబ్బా చూపించి అడుగుతాడన్నారు. పేరు పెట్టి పిలిస్తే, టీవీ ఆపి ఉంటే చూస్తాడు. చివరికి ఒక్కటి మిగిలింది, వినికిడి. ఇది జబ్బు ఉందో లేదో తేల్చే పరీక్ష కాదని, రెండేళ్లు నిండాక మళ్లీ ఒకసారి నింపాలని చెప్పి, ఆవిడ ఆ స్లిప్పు మీదికి వచ్చారు. ఐదు రోజులకి మించి ఎన్‌ఐసీయూలో ఉన్న పిల్లలకి ఓఏఈ ఒక్కటే సరిపోదట, చెవి నుంచి మెదడు దాకా ఉన్న నరం కూడా చూసే బెరా చేయాలట. నెలలోపు మొదటి పరీక్ష, మూడు నెలల్లోపు ఉందో లేదో తేల్చడం, ఆరు నెలల్లోపు వైద్యం మొదలుపెట్టడం, ఇదీ పద్ధతి అన్నారు. నేను ఏడుస్తుంటే అత్తయ్య నా వీపు నిమిరారు. "ఇప్పుడు దొరికింది కదమ్మా, ఇప్పుడే చేద్దాం" అన్నారు డాక్టర్ గారు.

బెరా గురువారం. ఫోన్‌లో రెండు జాగ్రత్తలు చెప్పారు. తలకి నూనె రాయొద్దు, పొద్దుటి నుంచి పడుకోనివ్వొద్దు. నూనె ఉంటే నుదుటి మీద, చెవుల వెనక పెట్టే వైర్లు అంటుకోవు. పిల్లాడు కదలకుండా నిద్రపోతేనే పరీక్ష కుదురుతుంది. రోజూ తలకి చమురు పెట్టందే అత్తయ్యకి తోచదు, ఆ రోజు నూనె సీసాని పైఅరలో పెట్టేశారు. మామూలుగా ఏడింటికి లేచేవాణ్ణి ఐదింటికే లేపాం. ఆటోలో కునుకు పడకుండా దారి పొడుగునా ఆవిడ చక్కిలిగింతలు పెడుతూ, బస్సుల్ని చూపిస్తూ కూర్చున్నారు. నిద్రమందు సిరప్ సగం ఉమ్మేశాడు. అయినా చీకటి గదిలో నా ఒళ్లో పది నిమిషాల్లో పడుకున్నాడు. చెవుల్లో టిక్ టిక్ శబ్దాలు, తెర మీద గీతలు. దాదాపు ముప్పావు గంట. ఆ గీతలు నాకేమీ అర్థం కాకపోయినా చూపు తిప్పుకోలేకపోయాను.

కుడి చెవి దాదాపు మామూలుగా ఉంది. ఎడమ చెవిలో 45 డెసిబెల్స్ దగ్గర గానీ గీత రాలేదు. మనం ఎదురెదురుగా మాట్లాడుకునే మాట 60 దగ్గర ఉంటుందట, అంటే ఆ చెవికి మన మాట గుసగుసలా అందుతోంది. చెవి వెనక ఎముక మీద పెట్టి పంపిన శబ్దానికి మాత్రం జవాబు చక్కగా వచ్చింది. లోపలి నరం బాగుంది. కర్ణభేరి వెనక జిగురులాంటి నీరు చేరింది, శబ్దం దాన్ని దాటి వెళ్లలేకపోతోంది. చిన్నపిల్లల్లో ముక్కు నుంచి చెవికి వెళ్లే గొట్టం పొట్టిగా, అడ్డంగా ఉంటుంది కాబట్టి జలుబు చేసినప్పుడల్లా ఇలా అయ్యే అవకాశం ఎక్కువ. పుట్టినప్పటి రిఫర్‌కీ దీనికీ సంబంధం ఉందో లేదో ఇప్పుడు చెప్పలేమన్నారు ఈఎన్‌టీ డాక్టర్. చాలామందిలో ఈ నీరు దానంతటదే తగ్గుతుంది, మూడు నెలలు చూసి అప్పుడు నిర్ణయిద్దామన్నారు.

"రాత్రిపూట పాలసీసా పడుకోబెట్టి పట్టిస్తారా?" అని అడిగారు.

ఈసారి జవాబు చెప్పాల్సింది నేను. ఆఫీసు నుంచి అలిసొచ్చి, సీసా వాడి నోట్లో పెట్టి, పక్కన పడుకుని నేనూ నిద్రపోయేదాన్ని. పట్టిస్తానని చెప్పాను. పడుకుని సీసా తాగే పిల్లల్లో చెవి సమస్యలు ఎక్కువని, గ్లాసుతో కూర్చోబెట్టి తాగించమని చెప్పారు.

సీసా మానడానికి ఐదు రాత్రులు పట్టింది. ఫోన్ మానడానికి అంతకన్నా ఎక్కువ. మొదటి మూడు రోజులు టిఫిన్ సగం కూడా తినలేదు, అత్తయ్యకి గుండె ఆగలేదు, అయినా ఇవ్వలేదు. ఆవిడకి ఎత్తు పీట వేసి, వాడు కూర్చునే కుర్చీ కిటికీ పక్కకి మార్చాం. ఇప్పుడు పొద్దునపూట పాలవాడు, చెత్తబండి, ఎదురింటి పిల్లి చూస్తూ తింటాడు. ఎడమవైపు నుంచో వెనక నుంచో పిలవడం మానేశాం. ముందుకి వెళ్లి, వాడి మొహం ఎత్తుకి వంగి, టీవీ ఆపి మాట్లాడుతున్నాం. ఆర్‌బీఎస్‌కే కింద ఎదుగుదల సమస్యలున్న పిల్లల కోసం నడిచే జిల్లా కేంద్రం డీఈఐసీకి పిల్లల డాక్టర్ రాసిచ్చారు. అక్కడ స్పీచ్ థెరపిస్ట్ చెప్పింది కూడా పెద్ద కష్టమైన పని కాదు. వాడు "పా" అంటే "పాలా? పాలు కావాలా?" అని మాటని పూర్తి చేసి తిరిగి చెప్పడం, జవాబు కోసం కాస్త ఆగడం. ఆ ఆగడమే నాకు అలవాటు కావడం లేదు.

మూడు నెలల తర్వాత మొన్న మళ్లీ వెళ్లాం. కుడి చెవి బాగుంది. ఎడమ చెవిలో నీరు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఇంకో మూడు నెలలకి తేదీ ఇచ్చారు. ఈలోపు రెండేళ్లు నిండుతాయి కాబట్టి ఆ ఇరవై ప్రశ్నలూ మళ్లీ ఉన్నాయి. ఆ రిపోర్టుని పాత స్లిప్పు పక్కనే కొత్త ఫైల్లో పెట్టాను. ఈసారి ప్రతి కాగితం మీదా ఇది ఏమిటి, తర్వాత ఎప్పుడు వెళ్లాలి అని తెలుగులో రాసి అంటించాను.

నోట్‌బుక్ ఇప్పటికీ అత్తయ్య దగ్గరే ఉంది. మాటలు ముప్పై ఒకటయ్యాయి, వాటిలో ఒకటి "కాకి". నిన్న నేను వచ్చేసరికి ఆవిడ నిద్రపోతున్నారు, పుస్తకం కిటికీ దగ్గర తెరిచి ఉంది. చివరి పంక్తి: "ఎడమ వైపు నుంచి మూడు సార్లు పిలిచాను. రెండు సార్లు చూశాడు."